మూటగాడి ఎనిమిదో అంతస్తు

మా బడిలో ఏడో తరగతి పిల్ల ఒకతి మొన్న నన్ను ఆపి అడిగింది. "టీచర్, మీరు చదువుకునే రోజుల్లో వీడియో గేములు ఉండేవా? వాటిల్లో ఏం బాగుండేది?" అని. "ఏమీ బాగుండేది కాదు, లెక్కల పుస్తకం తియ్యి" అన్నాను. పచ్చి అబద్ధం. ఆ ఆటల్లో ఏం బాగుంటుందో ఈ గుంటూరు మొత్తంలో నాకంటే బాగా తెలిసిన మనిషి ఒక్కడే ఉండేవాడు. ఆయన మా నాన్న తోమా. పోయి ఆరేళ్ళయింది.

ఆ పిల్లకి చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను. ఇందులో నన్ను మెచ్చుకోవడానికి ఏమీ లేదు. ఆ మాట ముందే చెప్పేస్తే నాకు కాస్త సులువుగా ఉంటుంది.

నాన్న మిరపకాయల యార్డులో హమాలీ. కనిగిరి దగ్గర మెట్టపల్లెలో వరసగా మూడేళ్ళు వానలు మొహం చాటేస్తే, పెళ్ళయిన కొత్తలోనే మా అమ్మ దేవకుమారిని వెంటబెట్టుకుని గుంటూరు వచ్చేశాడు. అమ్మ మిరపకాయల తొడిమలు తీసే పనికి కుదిరింది. నాన్న పేరయ్య మేస్త్రి ముఠాలో చేరాడు. మిరపకాయలు తొక్కి కుట్టిన బస్తాని మా వైపు టిక్కీ అంటారు. నలభై కిలోల పైమాటే ఉంటుంది. దాన్ని మెడ మీద వేసుకుని, కోల్డ్ స్టోరేజీలో ఏటవాలుగా వేసిన చెక్కల మీదుగా ఒక్కో అంతస్తూ ఎక్కి, పైన ఒకదాని మీద ఒకటి పేర్చి నెట్టు కట్టి దిగాలి. లోపల చలి, బయట ఎండ, రెండు చోట్లా ఘాటు. సాయంత్రం ఇంటికొచ్చిన నాన్నని స్నానం అయ్యేదాకా నేను ముట్టుకునేదాన్ని కాదు. చొక్కా తగిలితే చాలు, చెయ్యి భగ్గుమనేది.

నాన్నకి తన మెడ అంటే గర్వం. "కండ ఎవడికైనా ఉంటది. మెడ నిలబెట్టడం తెలియాల. మెడ నిలబడితే టిక్కీ దానంతటదే కూర్చుంటది" అనేవాడు. నేను వంగి చదువుకుంటుంటే కూడా వెనకనుంచి వచ్చి మెడ నిటారుగా పెట్టి పోయేవాడు.

యార్డు రోడ్డులో నన్నే సాహెబు అనే ఆయనకి వీడియో గేముల కొట్టు ఉండేది. నిలువెత్తు డబ్బాలు నాలుగు. రూపాయి బిళ్ళ వేస్తే ఆట మొదలు. మూడు డబ్బాల్లో కొట్లాటలు, కార్లు. నాలుగోది పాతది, పిల్లలెవరూ దాని మొహం చూసేవాళ్ళు కాదు. దాని చుట్టూ మూగేది హమాలీలు. ఎందుకంటే అందులో హీరో మోతగాడు. పసుపు తలగుడ్డ, మోకాళ్ళ దాకా నిక్కరు, నెత్తిన తన కంటే పెద్ద నీలం మూట. వాడి పేరు డబ్బా మీద ఇంగ్లీషులో ఏదో ఉండేది గానీ యార్డులో అందరికీ వాడు మూటగాడే. చెక్కలెక్కాలి, నిచ్చెనలెక్కాలి, ఊగే కొక్కేలు తప్పించుకోవాలి, ఎలకల మీదుగా దూకాలి. ఏదైనా తగిలిందా, మూట కింద పడుతుంది. పడి ఏటవాలు మీద దొర్లుకుంటూ పోతుంది. అది గోతిలో పడేలోపు వాడు పరిగెత్తి అందుకుని మళ్ళీ నెత్తికెత్తుకోవాలి. గోతిలో పడితే ఒక ఛాన్సు పోయినట్టే. మొత్తం మూడు ఛాన్సులు.

నేను డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉండగా, అమ్మ పంపితే నాన్నని పిలవడానికి ఆ కొట్టుకి వెళ్ళేదాన్ని. నాన్న బిళ్ళ వేసేవాడు కాదు, ఊరికే చూసేవాడు. "చూడండ్రా, ఎక్కేటప్పుడు మోకాలు ముందు వంచుతున్నాడు. ఎరిగినోడే" అని మెచ్చుకునేవాడు. మూట పడినప్పుడల్లా మిగతా హమాలీలు "పక్కోడేడిరా? పక్కోడు రావాలిగా!" అని అరిచి నవ్వేవాళ్ళు.

ఆ నవ్వెందుకో చెప్పాలి. పేరయ్య ముఠాలో ఒక కట్టుబాటు ఉంది. ఎవడైనా టిక్కీ పడేస్తే, దాన్ని పడేసినవాడు మళ్ళీ ఎత్తకూడదు. ఒకసారి జారిన మెడ బెదిరి ఉంటుందట, అదే టిక్కీని మళ్ళీ ఎత్తితే మళ్ళీ జారుతుందట. కాబట్టి వెనక వచ్చేవాడు ఎత్తి పైకి చేర్చాలి. అది కూడా అడక్కుండా చెయ్యాలి. "నేను పట్టనా?" అని అడిగితే పడేసినవాడి పరువు పోతుంది. మాట లేకుండా అందుకోవడమే మర్యాద. ఆటలో మూటగాడికి మాత్రం పక్కవాడు లేడు. వాడి మూట వాడే ఎత్తుకోవాలి. అందుకే వాళ్ళకి నవ్వు. నాన్న నవ్వేవాడు కాదు. "అదే బాగుందిరా" అనేవాడు. "పడేసింది వాడే, ఎత్తుకుందీ వాడే."

ఇక నా సంగతి. మా అమ్మ నాకు పెట్టిన పేరు 'ఇటు తే'. పేరుకి జాస్మిన్ని. ఎవరైనా ఒక పని నెమ్మదిగా చేస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయేది. అమ్మ సూదిలో దారం రెండుసార్లు తప్పితే "ఇటు తే" అని లాక్కునేదాన్ని. చర్చిలో పాటల పుస్తకం పేజీ తిప్పలేని ముసలమ్మ కనబడితే "ఇటు తే". చేసి పెట్టేదాన్నే, కాదనను. కానీ వాళ్ళు చేసుకోనిచ్చేదాన్ని కాదు. "ఆత్రగాడికి బుద్ధి మట్టే, నువ్వెక్కడ తేల్తావో" అని అమ్మ మొత్తుకునేది. నాన్న మాత్రం మురిసిపోయేవాడు. "అడక్కుండా అందుకుంటది. నా కూతురు కాదూ" అనేవాడు.

రెండువేల ఒకటి మార్చిలో, సరుకు ముమ్మరంగా వస్తున్న రోజుల్లో, నాన్న చెక్క మీదనుంచి పడ్డాడు. మూడో అంతస్తుకి నాలుగడుగులు ఉందనగా కాలు జారింది. టిక్కీ ఒక పక్క, నాన్న ఒక పక్క. వెన్ను దెబ్బతింది. రెండు నెలలు ఆస్పత్రిలో ఉంచి, నడుము కింద ఇక కదలిక రాదని చెప్పి పంపించారు. చేతులు దక్కాయి. ఎడమ చెయ్యి బాగానే ఉండేది. కుడి బొటనవేలు మాత్రం చెప్పిన మాట ఆలస్యంగా వినేది. అన్నం కలుపుకోగలడు, గ్లాసు పట్టుకోగలడు, చొక్కా బొత్తాం పెట్టుకోవడానికి పావుగంట పట్టేది. ఆ బొత్తాలు ఎన్నిసార్లు నేను లాక్కుని పెట్టానో లెక్కలేదు.

చూడటానికొచ్చిన ప్రతివాళ్ళకీ నాన్న ఒకటే మాట చెప్పేవాడు. "నా టిక్కీ పేరయ్య మేస్త్రి ఎత్తి పైన పెట్టాడు" అని. పేరయ్య కూడా తల ఊపేవాడు. కట్టుబాటు ప్రకారం నాన్నని జీపులో ఎక్కించగానే మొదట ఆ టిక్కీని నెట్టు మీద పెట్టాకే మిగతా పని మొదలుపెట్టారట. అందరం అది కృతజ్ఞత అనుకున్నాం. ఇంట్లో మంచం మీద పడున్న మనిషి, స్నేహితుడు చేసిన సాయం తలుచుకుంటున్నాడు అనుకున్నాం. ఎంత గుడ్డివాళ్ళం.

మరుసటి ఏడాది నన్నే సాహెబు కొట్టు మూసేశాడు. ఊళ్ళో కంప్యూటర్ సెంటర్లొచ్చి పిల్లలు అటు పోయారు. డబ్బాలు పాత సామాను వాడికిచ్చేసి, టీవీకి తగిలించే గేము పెట్టె ఒకటి చంకలో పెట్టుకుని మా ఇంటికొచ్చాడు.

"తోమా, మీవాడు ఇందులోనూ ఉన్నాడయ్యా" అన్నాడు క్యాసెట్ చూపిస్తూ. "డబ్బాలో ఒక్క గోడౌనే. ఇందులో ఊళ్ళు తిరుగుతాడు. ఆడుకో. నాకెందుకిది, దుమ్ము తుడవలేక చస్తున్నా."

"నా చేతులు చూశావుగా సాహెబూ" అన్నాడు నాన్న.

"చేతులకేం, వేళ్ళు కదిలితే చాల్లే."

క్యాసెట్ పెట్టాక మూటగాడు మా టీవీలోకొచ్చి నిలబడ్డాడు. అదే పసుపు తలగుడ్డ, అదే నీలం మూట. నాన్న మంచం గోడకి జరిపి, వీపుకి దిండ్లు ఎత్తుపెట్టి, ఒళ్ళో గేము పెట్టె రిమోట్ పెట్టాను. ఎడమ బొటనవేలుతో నడక, కుడి బొటనవేలుతో గెంతు. మొదటిరోజు మూటగాడు ఎంతకీ మొదటి గోతి దాటలేదు. నాన్న పదకొండుసార్లు పడేశాడు. పన్నెండోసారి దాటాడు. దాటగానే మనిషి మొహంలో రంగొచ్చింది. ఏడాది తర్వాత అంత రంగు చూడటం అదే మొదలు.

ఆ ఆటలో ఏం బాగుంటుందో ఇప్పుడు చెబుతాను. అందులో ఒక్కో ఊరినీ నాన్న ఒక్కో అంతస్తు అనేవాడు, మొత్తం ఎనిమిది. మొదటి అంతస్తు నీకు ఏమీ చెప్పదు, అన్నీ చూపిస్తుంది. గోతి ఉందని రాసి ఉండదు. ముందొక ఖాళీ బుట్ట దొర్లి గోతిలో పడుతుంది, చూసి నేర్చుకోవాలి. బొత్తాం కొంచెం నొక్కితే చిన్న గెంతు, గట్టిగా నొక్కి పట్టుకుంటే పెద్ద గెంతు. ఈ ఒక్క సంగతి మీదే ఎనిమిది అంతస్తులూ నడుస్తాయి. పడితే అది ఎందుకు పడిందో నీకే తెలుస్తుంది. కొక్కెం ఎప్పుడూ ఒకే తీరున ఊగుతుంది, ఎలక ఎప్పుడూ అదే గోడ దగ్గర వెనక్కి తిరుగుతుంది. మోసం లేదు. "మనుషుల కంటే నయం" అనేవాడు నాన్న. పడిన మూటని పరిగెత్తి అందుకున్నప్పుడు వాడు నడుం విరుచుకుని 'హుప్' అంటాడు. ఆ చప్పుడు కోసమే నాన్న కొన్నిసార్లు కావాలని పడేసేవాడని నాకు అనుమానం.

నాలుగో అంతస్తు వంతెనలు, ఆరోది మంచుకొండ. ఐదో అంతస్తులో ఒక గోడ వెనక ఎవరికీ కనపడని గది ఒకటుంది. నెల రోజులు ఆడాక నాన్నకి చేయి జారి గోడ మీదికి దూకితే దొరికింది. అందులో బంగారం లేదు, ఛాన్సులూ లేవు. ఒక అరుగు ఉంది. మూటగాడు వెళ్ళి మూట అరుగు మీద దించుకుని, తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుంటాడు. అంతే. నువ్వు బొత్తాం నొక్కేదాకా అట్లాగే కూర్చుని ఉంటాడు. నాన్న ఆ రోజు ఆట మర్చిపోయి చూస్తూ ఉండిపోయాడు.

"ఈ ఆట కట్టినోడు ఎప్పుడో మూట మోసుంటాడు అమ్మాయ్" అన్నాడు. "లేకపోతే ఈ అరుగు పెట్టాలని తట్టదు."

కష్టమేమిటంటే ఆట మధ్యలో ఆపి రేపు కొనసాగించడానికి వీల్లేదు. ప్రతిసారీ మొదటి అంతస్తునుంచే ఎత్తుకోవాలి. మా పేటలో పొద్దున పదింటికి కరెంటు పోయేది. నాన్న వేలితో ఎనిమిదో అంతస్తుకి చేరాలంటే గంటన్నర పట్టేది. అందుకని ఎనిమిదిన్నర లోపే అమ్మ ఒళ్ళు తుడిచి, గంజి తాగించి, దిండ్లు సర్ది యార్డుకి వెళ్ళేది. ఎనిమిదో అంతస్తు ఒక గంటగోపురం. పైదాకా చెక్కలే. ఆఖర్న ఒక నిచ్చెన, దాని పైన చిన్న అరుగు. మూట అక్కడ పెట్టాలి.

కొన్నాళ్ళకి నేను డిగ్రీ పరీక్షలకి ఇంట్లో ఉండి చదువుకుంటూ, పక్కన కూర్చుని చూసేదాన్ని. నిప్పు తొక్కిన కోతినయ్యేదాన్ని. "అదుగో దూకు, దూకు, అయ్యో" అని అరిచేదాన్ని. "కందకు లేని దురద కత్తిపీటకెందుకే? ఆడేది ఆయన" అని పనిలేక ఇంట్లో ఉన్న రోజుల్లో అమ్మ కసిరేది. ఒకరోజు పొద్దున్నే నాన్న లేవకముందు నేను రహస్యంగా ఆడి ఏడో అంతస్తు దాకా వెళ్ళాను. నాకు అరగంట కూడా పట్టలేదు. ఆ సంగతి నాన్నకి చెప్పలేదు. అంతమాత్రం బుద్ధి ఉంది.

ఒకరోజు ఎనిమిదో అంతస్తు మధ్యలో కరెంటు పోయింది. టీవీ నల్లబడింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. నాన్న రిమోట్ ఒళ్ళోనే ఉంచుకున్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు.

"ఇరవై రెండేళ్ళు మోశాను అమ్మాయ్. నా మెడ మీద పెట్టుకున్న టిక్కీ పైకి చేరకపోవడం ఒక్కసారే జరిగింది. అది మేస్త్రి చేర్చాడు. నాలుగడుగులు. ఇంకో నాలుగడుగులు వేస్తే అయిపోయేది." కుడి బొటనవేలు ఎడమ చేత్తో నొక్కుకున్నాడు. "వీణ్ణైనా పైదాకా చేర్చాల. నా చేత్తో. ఒక్కసారి చేరిస్తే ఇంక నాకేం వద్దు."

నేను విన్నాను. నా చెవులతో విన్నాను. "చేరుస్తావులే నాన్నా" అని కూడా అన్నాను. విననిదాన్నైతే ఈ బాధ ఇంత ఉండేది కాదు.

రెండువేల మూడు ఫిబ్రవరిలో, ఒక శనివారం. నాన్న ఎనిమిది ఇరవైకే మొదలుపెట్టాడు. ఆ రోజు చెయ్యి బాగా పలికింది. ఐదో అంతస్తులో అరుగు దగ్గర కూడా ఆగలేదు. మంచుకొండ మీద ఒక ఛాన్సు పోయింది, ఏడులో ఇంకొకటి. ఎనిమిదో అంతస్తుకి ఆఖరి ఛాన్సుతో వచ్చాడు. గడియారం తొమ్మిదీ నలభై. నేను పుస్తకం పక్కన పడేసి మంచం అంచున కూర్చున్నాను. నాన్న నుదుటి మీద చెమట. తుడవబోతే తల పక్కకి తిప్పుకున్నాడు, టీవీ కనపడటం లేదని.

గోపురంలో చెక్కలన్నీ ఎక్కాడు. ఎప్పుడూ అక్కడిదాకా రాలేదు. ఆఖరి నిచ్చెన ముందు ఒకే ఒక కొక్కెం ఊగుతోంది. నాన్న దాని ఊపు రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు, పెదాలు కదలడం నేను చూశాను. మూడోసారికి దూకాడు. బొటనవేలు ఆలస్యం చేసింది. కొక్కెం మూటకి తగిలింది.

మూట పడింది. చెక్క మీద దొర్లడం మొదలుపెట్టింది. ఆ చెక్క పొడుగైనది. గోతికి చాలా దూరం ఉంది. నాన్న అప్పటికే మూటగాణ్ణి తిప్పాడు. వాడు పరిగెడుతున్నాడు. రెండు క్షణాల్లో అందుకునేవాడే. అందుకునేవాడేనని ఇప్పుడు నాకు బాగా తెలుసు, ఆ చెక్క పొడవు కళ్ళు మూసుకున్నా కనపడుతుంది.

నేను "ఇటు తే" అన్నాను. అన్నానో లేదో కూడా తెలీదు. రిమోట్ నా చేతిలో ఉంది. మూట అందుకున్నాను. 'హుప్' అన్నాడు వాడు. వెనక్కి తిరిగి, కొక్కెం కింద దూరి, నిచ్చెన ఎక్కి, అరుగు మీద మూట పెట్టేశాను. అంతా కలిపి పది క్షణాలు పట్టిందేమో.

గంట మోగింది. మూటగాడు మూట పక్కన కూర్చుని, దాని మీద తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు. కింద ఇంగ్లీషు అక్షరాలొచ్చాయి. నేను మంచం మీదనుంచి లేచి గెంతాను. "అయిపోయింది నాన్నా! అయిపోయిందని రాశాడు చూడు! గెలిచాం!"

నాన్న చేతులు ఒళ్ళో అట్లాగే ఉన్నాయి. రిమోట్ పట్టుకున్నట్టే వేళ్ళు వంచి ఉన్నాయి. ఆ చేతుల వంక ఒకసారి చూసుకుని, టీవీ వంక చూశాడు.

"చేర్చావా?" అన్నాడు.

"చేర్చాను నాన్నా! ఇంకొంచెముంటే గోతిలో పడేది."

"మంచిది తల్లీ" అన్నాడు. "నన్ను కొంచెం పడుకోబెట్టు."

పడుకోబెట్టాను. గోడ వైపు తిరిగాడు. నాకు అప్పటికీ అర్థం కాలేదు. అలసిపోయాడనుకున్నాను. సాయంత్రం పేరయ్య మేస్త్రి చూడటానికొస్తే గొప్పగా కూడా చెప్పుకున్నాను. "మేస్త్రిగారూ, ఇవాళ నాన్న మూట జారితే నేనే ఎత్తి పైకి చేర్చా. మీ ముఠాలో లాగా, అడక్కుండా" అని.

పేరయ్య నవ్వలేదు. నాన్న వీపు వంక చూశాడు. "ఒరేయ్ తోమా" అని పిలిచాడు. నాన్న ఇటు తిరగలేదు. పేరయ్య అమ్మ తెచ్చిన టీ తాగకుండానే కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు. గుమ్మం దగ్గర నాతో మాత్రం అన్నాడు. "ఆ రోజు ఆ టిక్కీ నేను అట్టాగే వదిలేసి ఉండాల్సిందమ్మా. రెండేళ్ళనుంచి వీడు నాతో అదే చెబుతున్నాడు. నాకు అర్థమయ్యేసరికి ఆలస్యమైంది."

అప్పుడు తెలిసింది. వంటింట్లోకి వెళ్ళి నీళ్ళ కుండ పక్కన చతికిలపడ్డాను. నా చెయ్యి నేనే కొరుక్కున్నాను.

ఆ తర్వాత నాన్న ఆట ముట్టుకోలేదు. కోపం లేదు. నాతో ఎప్పటిలాగే మాట్లాడాడు, పరీక్షలు ఎట్టా రాశానో అడిగాడు, మెడ వంచి చదవొద్దన్నాడు. రిమోట్ ఒళ్ళో పెడితే మాత్రం పక్కన పెట్టేవాడు. "వేలు నొప్పిగా ఉంది" అనేవాడు. అన్నం తగ్గించాడు. వీపు మీద పుండ్లు పడ్డాయి, మందులకి తగ్గలేదు. ఏప్రిల్లో, ఈస్టరు ముందు బుధవారం, జ్వరం ముదిరి పోయాడు. ఆట ఆగిపోవడం వల్ల పోయాడని డాక్టరెవరూ అనరు. నేనూ అనను. కానీ పొద్దున ఎనిమిదిన్నరకి ఆయన లేచి కూర్చోవడానికి ఉన్న ఒకే ఒక్క పని నేను చేసేశాను. ఇది మాత్రం అంటాను.

పోవడానికి మూడు వారాల ముందు ఒకసారి సరిదిద్దబోయాను. అది చెప్పి ముగిస్తాను.

ముందు అబద్ధం ఆడాను. "నాన్నా, అది ఆఖరిది కాదట. తొమ్మిదో అంతస్తు ఉందట. నన్నే సాహెబు చెప్పాడు" అన్నాను. నాన్న చిన్నగా నవ్వాడు. "నువ్వే చదివావుగా తల్లీ, అయిపోయిందని" అన్నాడు. ఆయనకి ఇంగ్లీషు రాదు. చదివిందాన్ని నేను. ఆ అక్షరాలకి ఏ అర్థం చెప్పినా నమ్మేవాడు. నేను గెంతుతూ నిజం చదివిపెట్టాను.

మర్నాడు పొద్దున ఏం చేశానంటే, నాన్న లేచేలోపు ఆట పెట్టి, మొదటి అంతస్తునుంచి ఆడుకుంటూ పోయి, ఎనిమిదో అంతస్తు చివర ఆ నిచ్చెన కింద మూటగాణ్ణి ఆపాను. కొక్కెం కూడా దాటించేశాను. నిచ్చెన ఎక్కి మూట పెట్టడమే మిగిలింది. నాన్నని లేపి, దిండ్లు పెట్టి, రిమోట్ చేతికిచ్చాను.

"నాలుగడుగులే నాన్నా. నీ చేత్తో పెట్టు. నేను ముట్టుకోను, ఒట్టు."

నాన్న టీవీ వంక చూశాడు. నిచ్చెన కింద వాడు మూటతో నిలబడి ఉన్నాడు. నాన్న కుడి బొటనవేలు బొత్తాం మీదికి వెళ్ళింది. ఆ వేలు బొత్తాం మీద చాలాసేపు ఉంది. తర్వాత తీసేశాడు.

"ఇంతదాకా నువ్వు మోసుకొచ్చావు తల్లీ" అన్నాడు. "ఇప్పుడు నేను పైన పెడితే, నేను మోసినట్టా?"

"అయితే మొదటినుంచి ఆడు నాన్నా. రేపు ఆడు. నేను ఇంట్లో ఉండను, కాలేజీకి పోతాను. అమ్మని కూడా ఉండొద్దంటాను."

ఆయన నా తల మీద చెయ్యి వేశాడు. ఆ చేతికి అప్పటికి బరువే లేదు. నా మీద జాలి పడుతున్నాడని అర్థమై నేను గట్టిగా ఏడ్చేశాను. క్షమించు నాన్నా అన్నాను, ఆ మాట ఎన్నిసార్లన్నానో.

"ఊరుకో. నువ్వేం తప్పు చెయ్యలా. నేను నేర్పిందేగా" అన్నాడు. "పైన పెట్టేసిన మూటని కిందకి దించి మళ్ళీ ఎవడైనా మోస్తాడా? పద్ధతి కాదు. సాహెబుకి ఇచ్చెయ్ ఆ పెట్టె."

రిమోట్ నా ఒళ్ళో పెట్టి, దిండు మీద తల వాల్చాడు. నేను ఆట ఆపలేదు, ఆడలేదు. పదింటికి కరెంటు పోయేదాకా మూటగాడు ఆ నిచ్చెన కింద మూట మోస్తూ నిలబడే ఉన్నాడు, మా ఇద్దరిలో ఎవరమూ వాడికి సాయం చెయ్యలేదు.